తుమ్మలపల్లె రాతిలో పద్నాలుగు మెట్లు

ఇంటర్ రెండో ఏడాది భౌతికశాస్త్రంలో 'కేంద్రకాలు' పాఠం చదివిన వాళ్లకు ఈ లెక్క ఎక్కడో ఒకచోట తగిలే ఉంటుంది: యురేనియం-238 చివరికి సీసం-206గా మారేలోపు ఎన్ని ఆల్ఫా కణాలు, ఎన్ని బీటా కణాలు బయటికి పోతాయి? ఈఏపీసెట్‌కో నీట్‌కో తయారయ్యే పిల్లలు దీన్ని అర నిమిషంలో తేల్చేస్తారు. ద్రవ్యరాశి సంఖ్యల తేడా 32. ఒక్కో ఆల్ఫాతో 4 పోతుంది కనుక ఆల్ఫాలు 8. ఎనిమిది ఆల్ఫాలు పోతే పరమాణు సంఖ్య 92 నుంచి 76కి దిగాలి. సీసం 82 దగ్గర ఉంది. ఆ ఆరింటినీ పెంచినవి బీటాలు. జవాబు 8, 6. దాని చుట్టూ సున్నా చుట్టి తరవాతి ప్రశ్నకు వెళ్లిపోతారు.

పులివెందులకు దగ్గర్లో, వేముల మండలం తుమ్మలపల్లె కింద ఉన్న రాతిలో ఈ లెక్క ఈ క్షణాన కూడా జరుగుతోంది. ఆ ఖనిజం కిలో తీసుకుంటే అందులో సెకనుకు సుమారు అరవై వేల కేంద్రకాలు విఘటనం చెందుతుంటాయి. ఆ అంకె ఎలా వచ్చిందో కాసేపట్లో మనమే వేసి చూద్దాం. పొరుగు మండలంలోనే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీ ఉంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. కర్నూలు, ప్రొద్దుటూరు, పులివెందుల కాలేజీల్లో ఏటా వేలమంది పిల్లలు ఈ పాఠం చదువుతున్నారు. రేడియోధార్మికతను నేర్చుకోవడానికి ఇంతకన్నా తగిన చోట్లు దేశంలో ఎక్కువ లేవు. అందుకే ఈ అధ్యాయంలో పాఠాన్ని పుస్తకం వరసలో కాక, ఆ రాయి చూపించే వరసలో చదువుకుందాం.

రాయి పుట్టుక

విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఈ సీమంతా తిరిగి రాసిన పెద్ద నివేదిక 1872లో అచ్చయింది. కడప శిలలు, కర్నూలు శిలలు అన్న మాటలు అక్కడినుంచి శాస్త్రంలో స్థిరపడ్డాయి. మనం ఇళ్లలో పరుచుకునే కడప బండలు, బేతంచెర్ల నాపరాళ్లు, మంగంపేట ముగ్గురాయి, పులివెందుల రాతినార, అన్నీ ఈ శిలలున్న కడప బేసిన్ ఇచ్చినవే. నెలవంక ఆకారంలో సుమారు 44 వేల చదరపు కిలోమీటర్లు పరుచుకున్న ఈ పొరల దొంతరలో బాగా అడుగున ఉండేది వేంపల్లె పొర. ఆ పొరలో ఎక్కువగా ఉండేది డోలమైట్, అంటే కాల్షియం, మెగ్నీషియం కలిసిన కార్బొనేట్ రాయి.

ఆ రాయి ఏర్పడినప్పుడు ఇక్కడ లోతు లేని సముద్రం ఉండేది. మొక్కలు లేవు, చేపలు లేవు. నీటి అడుగున సూక్ష్మజీవులు జిగట పొరలుగా పెరిగి, వాటి మీద సన్నటి బురద పేరుకుని, మళ్లీ పైన ఇంకో పొర పెరిగి, చివరకు స్ట్రొమటోలైట్లు అనే రాతి ఆకారాలుగా మిగిలాయి. తుమ్మలపల్లె ఖనిజంలో అవి ఉన్నాయి, ఫాస్ఫేటు ఉంది, వాటి మధ్య యురేనియం ఉంది. ఆక్సిజన్ ఉన్న నీటిలో యురేనియం కరిగి ప్రయాణిస్తుంది. ఆక్సిజన్ కరువై, సేంద్రియ పదార్థం పేరుకున్న చోట అది నీటిని వదిలి రాతిలో చేరుతుంది. ఈ రెండు వాక్యాలనూ గుర్తుపెట్టుకోండి. బోరు నీళ్ల దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ పనికొస్తాయి.

హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే అణు ఖనిజాల డైరెక్టరేట్ 1980లలో ఇక్కడ యురేనియాన్ని గుర్తించింది. కానీ టన్ను ఖనిజంలో యురేనియం అరకిలో కూడా ఉండదు. పైగా రాయి కార్బొనేట్ రాయి. అందువల్ల చాలాకాలం గిట్టుబాటు కాదని పక్కన పెట్టారు. 2007లో గనికీ మిల్లుకూ శంకుస్థాపన జరిగింది, 2012లో ఉత్పత్తి మొదలైంది. నడిపేది యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. 2011లో అప్పటి అణుశక్తి సంఘం అధ్యక్షుడు శ్రీకుమార్ బెనర్జీ ఇక్కడ 49 వేల టన్నుల నిల్వ ఖాయమైందని, అది లక్షన్నర టన్నుల దాకా పెరగవచ్చని ప్రకటించాడు. తుమ్మలపల్లె పేరు దేశమంతా తెలిసింది అప్పుడే.

కేంద్రకం ఎందుకు నిలవదు

హెన్రీ బెకెరల్ పారిస్‌లో యురేనియం లవణాల నుంచి కంటికి కనపడని కిరణాలు వస్తున్నాయని గమనించింది 1896లో. అదే సంవత్సరం భీమవరం ప్రాంతంలో భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు పుట్టాడు. సన్యాసం తీసుకుని స్వామి జ్ఞానానంద అయ్యాడు, ఐరోపా వెళ్లి భౌతికశాస్త్రంలో పడ్డాడు, న్యూట్రాన్‌ని కనుగొన్న చాడ్విక్ దగ్గర లివర్‌పూల్‌లో బీటా కిరణాల మీద పరిశోధన చేశాడు. తిరిగొచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టాడు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో ఆయనకు ఒక పేజీ అయినా ఉండాలి.

ఇక పాఠం. కేంద్రకంలో ప్రోటాన్లు, న్యూట్రాన్లు ఉంటాయి. ప్రోటాన్లన్నీ ధనావేశం కలవి, ఒకదాన్నొకటి తోసుకుంటాయి. వాటిని పట్టి ఉంచేది కేంద్రక బలం. దాని పట్టు గట్టిది, కానీ అందే దూరం చాలా తక్కువ. పక్కనున్న కణాన్ని పట్టుకుంటుంది, అవతలి అంచున ఉన్నదాన్ని అందుకోలేదు. వికర్షణకు ఆ హద్దు లేదు. అందుకే కేంద్రకం పెద్దదయ్యేకొద్దీ వికర్షణదే పైచేయి అవుతుంది. 92 ప్రోటాన్లున్న యురేనియం ఆ ఒత్తిడిని తగ్గించుకోవడానికి రెండు ప్రోటాన్లు, రెండు న్యూట్రాన్లు ఉన్న ముద్దను బయటికి నెడుతుంది. అది ఆల్ఫా. అలా నెట్టాక న్యూట్రాన్ల పాలు ఎక్కువైతే ఒక న్యూట్రాన్ ప్రోటాన్‌గా మారి ఎలక్ట్రాన్‌ను విసురుతుంది. అది బీటా. ఇంకా మిగిలిన శక్తి గామా కిరణంగా పోతుంది. ఆల్ఫాను కాగితం ఆపుతుంది, బీటాను కొన్ని మిల్లీమీటర్ల అల్యూమినియం ఆపుతుంది, గామాకు సీసమో మందపాటి కాంక్రీటో కావాలి. ఒంటి బయట ఉన్నప్పుడు ఆల్ఫా చర్మం దాటలేదు. ఊపిరితోనో నీటితోనో లోపలికి చేరితే మాత్రం మూడింట్లోనూ ఎక్కువ హాని చేసేది అదే. దాని శక్తంతా కొద్ది జీవకణాల మందంలోనే ఖర్చవుతుంది.

యురేనియం-238 నుంచి సీసం-206 దాకా పద్నాలుగు మెట్లు. మొదటిది యురేనియమే, అర్ధాయువు, అంటే ఉన్నదాంట్లో సగం పోవడానికి పట్టే కాలం, 446.8 కోట్ల ఏళ్లు. రెండోది థోరియం-234, 24 రోజులు. మూడోది ప్రోటాక్టినియం-234, నిమిషం పైచిలుకు. నాలుగు, యురేనియం-234, రెండున్నర లక్షల ఏళ్లకు కాస్త తక్కువ. అయిదు, థోరియం-230, సుమారు 75 వేల ఏళ్లు. ఆరు, రేడియం-226, 1,600 ఏళ్లు. ఏడు, రేడాన్-222, 3.8 రోజులు, ఇది వాయువు. అక్కడినుంచి పొలోనియం, సీసం, బిస్మత్ ఐసోటోపులు నిమిషాల్లో మారుతూ సీసం-210 దగ్గర 22 ఏళ్లు ఆగి, బిస్మత్-210, పొలోనియం-210 దాటి, స్థిరమైన సీసం-206 దగ్గర ముగుస్తుంది.

ఇక్కడ ఒక సందేహం రావాలి. రేడియం సగం 1,600 ఏళ్లలో పోతుంది, రేడాన్ సగం నాలుగు రోజుల్లో పోతుంది. మరి కోట్ల ఏళ్ల కిందటి రాతిలో అవింకా ఎందుకున్నాయి? పైనున్న యురేనియం వాటిని పుట్టిస్తూనే ఉంది కనుక. రాయి చాలాకాలం కదలకుండా ఉంటే, ఒక మెట్టు మీద సెకనుకు ఎన్ని పుడితే అన్ని పోయే స్థితికి మొత్తం వరస చేరుతుంది. దీన్నే శాశ్వత సమతాస్థితి అంటారు. అప్పుడు పద్నాలుగు మెట్లలోనూ సెకనుకు జరిగే విఘటనాల సంఖ్య ఒక్కటే. అర్ధాయువు తక్కువున్నదాని పరమాణువులు తక్కువ ఉంటాయి, ఎక్కువున్నదానివి ఎక్కువ ఉంటాయి. టన్ను యురేనియానికి తోడుగా రేడియం మూడో వంతు గ్రాము మాత్రమే ఉంటుంది. మేరీ క్యూరీ టన్నుల కొద్దీ ఖనిజాన్ని మరగబెట్టి, 1902 నాటికి గ్రాములో పదో వంతు రేడియం క్లోరైడ్ తీయగలిగింది ఇందుకే.

ఇప్పుడు మొదట్లో చెప్పిన అంకె. ఒక గ్రాము యురేనియం-238లో 253 పక్కన 19 సున్నాలు పెట్టినన్ని పరమాణువులు ఉంటాయి. సెకనుకు ఎన్నో వంతు పోతుందో చెప్పే క్షయ స్థిరాంకంతో గుణిస్తే సెకనుకు 12,400 విఘటనాలు. సెకనుకు ఒక విఘటనాన్ని ఒక బెకెరల్ అంటారు. తుమ్మలపల్లె ఖనిజం కిలోలో యురేనియం 0.35 గ్రాములనుకుందాం. 12,400ని 0.35తో గుణిస్తే సుమారు 4,340. ఇది మొదటి మెట్టు ఒక్కటే. పద్నాలుగుతో గుణిస్తే అరవై వేల పైన. N, λ, t½ అని అక్షరాలుగా బట్టీపట్టిన సూత్రమే ఇది. చేతిలో పట్టే రాయికి వేస్తే అది మరిచిపోవడం కష్టం.

ఈ నేల మీద గడియారాలు

వేంపల్లె పొరకు పైనున్న తాడిపత్రి పొరలోకి ఒకప్పుడు కరిగిన శిలాద్రవం చొచ్చుకొచ్చి పలకలా గడ్డకట్టింది. భూగర్భ శాస్త్రంలో దాని పేరు పులివెందుల సిల్. అందులో బాడెలైట్ అనే జిర్కోనియం ఖనిజపు చిన్న స్ఫటికాలున్నాయి. బాడెలైట్ ఏర్పడేటప్పుడు యురేనియాన్ని తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. కాబట్టి ఇవాళ ఆ స్ఫటికంలో కనిపించే సీసమంతా అక్కడే యురేనియం నుంచి పుట్టినదే. రెంటి నిష్పత్తి కొలిస్తే వయసు తెలుస్తుంది. 2008లో ప్రచురితమైన కొలత ప్రకారం పులివెందుల సిల్ వయసు 188.5 కోట్ల ఏళ్లు, అటూఇటూ 31 లక్షల ఏళ్లు. కింద ఉన్న వేంపల్లె పొర అంతకన్నా పాతది.

ఈ అంకెతో ఒక లెక్క చేసి చూడండి. 188.5 కోట్ల ఏళ్లంటే యురేనియం-238కి అర్ధాయువులో సగం కూడా నిండలేదు. అప్పటి యురేనియం-238లో నూటికి 75 వంతులు ఇంకా ఉంది. యురేనియం-235 సంగతి వేరు. దాని అర్ధాయువు 70.4 కోట్ల ఏళ్లు. రెండున్నర అర్ధాయువులు దాటిపోయాయి, మిగిలింది నూటికి 16 వంతులే. ఇవాళ ప్రకృతిలో దొరికే యురేనియంలో 235 వాటా 0.72 శాతం. వెనక్కి లెక్కిస్తే ఆ రోజుల్లో అది 3.3 శాతానికి పైగా ఉండేది. చాలా దేశాల అణు విద్యుత్ కేంద్రాలు శ్రమపడి 235 వాటా పెంచి వాడుకునే ఇంధనం ఇంచుమించు ఆ స్థాయిదే!

ఆఫ్రికాలోని గాబన్ దేశంలో, ఓక్లో అనే చోట, ఇంచుమించు అదే కాలంలో యురేనియం కుప్పగా చేరింది. నీరు న్యూట్రాన్ల వేగాన్ని తగ్గించింది. మనిషి చెయ్యి లేకుండానే, ఒక కేంద్రకం చీలినప్పుడు వచ్చిన న్యూట్రాన్లు మరో కేంద్రకాన్ని చీల్చే శృంఖల చర్య మొదలై ఆగుతూ సాగుతూ నడిచింది. 1972లో అక్కడి ఖనిజంలో యురేనియం-235 వాటా 0.720కి బదులు 0.717 ఉండటం చూసి ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ సంగతి పట్టుకున్నారు. వేంపల్లె సముద్రంలోనూ ఆ కాలపు యురేనియమే ఉంది, నీరూ ఉంది. కానీ ఇక్కడ అది ఎంతో దూరం పలచగా పరుచుకుంది. న్యూట్రాన్ మరో యురేనియం-235 కేంద్రకాన్ని చేరేలోపే పక్కదారి పడుతుంది. క్రాంతిక ద్రవ్యరాశి అన్న మాటకు అర్థం ఇదే. ఎంత ఉందన్నది ఒక్కటే చాలదు, ఎంత దగ్గరగా ఉందన్నది కూడా చూడాలి.

కర్నూలు వైపు వెళ్తే గడియారాలు మారతాయి. బనగానపల్లె దగ్గర, ఇప్పటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలో జ్వాలాపురం ఉంది. అక్కడ భూమిలో తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. ఊరివాళ్లు దాన్ని తవ్వి, శుభ్రంచేసే పౌడర్ల తయారీకి అమ్ముకునేవారు. అది సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో ఇంత దూరం వచ్చి పడ్డ బూడిద. పురావస్తు శాస్త్రజ్ఞులు మైకేల్ పెట్రాలియా, రవి కోరిశెట్టర్‌ల బృందం ఆ పొరకు కిందా పైనా కూడా మనుషులు చేసిన రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించింది. అంతటి విస్ఫోటనం తరవాతా ఈ లోయలో మనుషులు కొనసాగారా అన్న ప్రశ్నకు జ్వాలాపురం ముఖ్యమైన సాక్ష్యమైంది.

ఈ వయసులు ఎలా తెలిశాయి? మనకు బాగా తెలిసిన కార్బన్-14 ఇక్కడ పనికిరాదు. దాని అర్ధాయువు 5,730 ఏళ్లు. 74 వేల ఏళ్లలో దాదాపు పదమూడు అర్ధాయువులు గడుస్తాయి, మొదట ఉన్నదాంట్లో మిగిలేది సుమారు ఏడున్నర వేలలో ఒక వంతు. అంత తక్కువను నమ్మకంగా కొలవడం కుదరదు. అదే లోయలో ఒక రాతి చరియ కింద దొరికిన, సుమారు 35 వేల ఏళ్ల నాటి సూక్ష్మ పనిముట్ల పొరకు మాత్రం కార్బన్-14 సరిపోయింది. బూడిద వయసుకు పొటాషియం-40 ఆర్గాన్‌గా మారడం ఆధారం. బూడిదకు కిందా పైనా ఉన్న మట్టికి వాడిన పద్ధతి వీటన్నిటికన్నా చూడముచ్చటైనది. మట్టిలో యురేనియం, థోరియం, పొటాషియం కొద్దికొద్దిగా ఎప్పుడూ ఉంటాయి. పూడిపోయిన ఇసుక రేణువును వాటి కిరణాలు తాకుతూ పోతే అందులో ఎలక్ట్రాన్లు చిక్కుకుని పోగవుతాయి. ఎండ తగిలితే ఆ నిల్వ ఖాళీ అవుతుంది. కాబట్టి రేణువు చివరిసారి వెలుగు చూసినప్పటినుంచి పోగైన మోతాదును ప్రయోగశాలలో వెలుగు పెట్టి కొలిచి, ఏడాదికి మట్టి ఇచ్చే మోతాదుతో భాగిస్తే, పూడిపోయి ఎన్నేళ్లయిందో వస్తుంది. జ్వాలాపురంలో బూడిద కింద 77 వేలు, పైన 74 వేలు అని వచ్చాయి. రేడియోధార్మికత అనగానే బాంబూ కేన్సరూ తప్ప ఇంకేమీ తలపుకు రాని పిల్లలకు మొదట ఈ లోయ చూపించాలి.

మిల్లు ఏం తీసుకుంటుంది, ఏం వదిలేస్తుంది

జార్ఖండ్‌లోని జాదుగూడ మిల్లులో యురేనియాన్ని గంధకామ్లంతో కరిగిస్తారు. తుమ్మలపల్లె రాయికి ఆమ్లం పోస్తే డోలమైటే ఆమ్లాన్నంతా తాగేసి పొంగుతుంది. అందుకే ఇక్కడ సోడియం కార్బొనేట్, బైకార్బొనేట్ ద్రావణంలో, ఆక్సిజన్ ఇచ్చి, వేడి, పీడనం కింద కరిగిస్తారు. బయటికొచ్చేది సోడియం డైయురనేట్. అది హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌కు వెళ్తుంది. భారజల రియాక్టర్లకు 235 వాటా 0.72 శాతమే ఉన్న సహజ యురేనియం చాలు. ఆ భారజలం తయారుచేసే చోట్లలో మన మణుగూరు ఒకటి. తుమ్మలపల్లె మిల్లు సామర్థ్యం రోజుకు 3,000 టన్నుల ఖనిజం.

ఇక పద్నాలుగు మెట్లను మళ్లీ చూడండి. మిల్లుకు కావలసింది యురేనియం. మెట్లలో యురేనియం పేరున్నవి రెండే, మొదటిదీ నాలుగోదీ. మిగతా పన్నెండూ పిండి చేసిన రాతితోనే ఉండి టెయిలింగ్ పాండ్ అనే వ్యర్థాల చెరువుకు చేరతాయి. పద్నాలుగులో పన్నెండంటే దాదాపు 86 శాతం. కొన్ని నెలలు గడిస్తే థోరియం-234, దాని తరవాతిదీ కొత్తగా పుట్టించేవాళ్లు లేక అంతరిస్తాయి. మిగిలేవి పది, అంటే సుమారు 71 శాతం. ఆ తరవాత తగ్గుదల దాదాపు ఆగిపోతుంది. ఆ పదింటికీ పైన ఇప్పుడు కూర్చున్నది థోరియం-230, దాని అర్ధాయువు 75 వేల ఏళ్లు. జ్వాలాపురం మీద తోబా బూడిద పడి ఎంత కాలమైందో అంత కాలం గడిస్తే సగానికి వస్తుంది. యురేనియం తీసేశాక మిగిలింది ఉత్త మట్టి అనుకోవడం ఎందుకు తప్పో ఈ చిన్న భాగహారం చెబుతుంది. వ్యర్థాల చెరువును ఎలా కట్టారు, అడుగున ఏం పరిచారు, ఎంతకాలం కాపలా ఉంటుంది అన్న ప్రశ్నలకు అంత బరువు ఉన్నదీ ఇందుకే.

ఏడో మెట్టు రేడాన్ వాయువు కనుక రాతిని వదిలి గాలిలోకి వస్తుంది. గనిలో గాలి ఆడించడం ప్రాణావసరమయ్యేది దానివల్లే. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందే 2.4 మిల్లీసీవర్ట్ల మోతాదులో దాదాపు సగం రేడాన్, దాని సంతతి వల్ల వచ్చేదే.

రేడియానిది మరో కథ. ఆవర్తన పట్టికలో అది బేరియం కింది గడిలో ఉంటుంది. బేరియం ఎటు పోతే అటు పోతుంది. క్యూరీ దాన్ని పట్టుకున్నది బేరియంతో పాటే. యురేనియం మిల్లుల మురుగునీటి నుంచి రేడియాన్ని దించడానికి ఇవాళ్టికీ బేరియం క్లోరైడ్ వేస్తారు. సల్ఫేటు ఉన్న నీటిలో బేరియం అడుక్కి దిగుతూ రేడియాన్ని వెంట తీసుకుపోతుంది. ఆ బేరియానికి మూలం ముగ్గురాయి. ఒకే పొరగా ఉన్న ముగ్గురాయి నిల్వల్లో ప్రపంచంలోనే అతి పెద్దది ఉమ్మడి కడప జిల్లాలోని మంగంపేటలో ఉంది. 1938 డిసెంబరులో రసాయన శాస్త్రజ్ఞులు హాన్, స్ట్రాస్‌మన్‌లు యురేనియాన్ని న్యూట్రాన్లతో కొట్టినప్పుడు ఏర్పడ్డది రేడియం అనుకుని వెతికితే తేలింది బేరియమే. కేంద్రకం రెండు ముక్కలైందని భౌతిక శాస్త్రజ్ఞులు లీజె మైట్నర్, ఫ్రిష్ అర్థం చెప్పారు. అలా ముక్కలయ్యే ఒక్కో విచ్ఛిత్తికి సుమారు 200 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది. అణుయుగమంతా ఆ బేరియం గుర్తింపుతో మొదలైంది.

బోరు నీళ్ల కాగితం

కె.కె.కొట్టాల, మబ్బుచింతలపల్లె తదితర ఊళ్ల రైతులు తమ బోర్ల నీళ్లు చెడిపోయాయని, అరటి తోటలు ఎండిపోయాయని ఏళ్ల తరబడి మొరపెట్టుకుంటున్నారు. కారణం టెయిలింగ్ పాండ్ అని వారంటే, కాదని యురేనియం కార్పొరేషన్ అంటోంది. ఈ వాదనలో విజ్ఞానశాస్త్రం ఎటు నిలబడుతుంది? కొలతల వైపు నిలబడుతుంది. ఆ కొలతలు చదవడానికి ఇంటర్ పాఠం చాలు.

తాగునీటిలో యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి పెట్టింది 60. ముప్పై మైక్రోగ్రాముల యురేనియం-238 ఎన్ని బెకెరళ్లు? 12,400ని గ్రాములోని ముప్పై మిలియనవ వంతులతో గుణించండి: 0.37. యురేనియం-234 వాటా కలిపినా ఒక బెకెరల్ దరిదాపుల్లోనే ఉంటుంది. మన ఒంట్లో పొటాషియం-40 ఒక్కటే సుమారు 4,000 బెకెరళ్లు. పులివెందుల అరటిపండు ఒక్కటి పదిహేను బెకెరళ్లు. మరి 30 మైక్రోగ్రాములకే హద్దెందుకు? యురేనియం బరువైన లోహం. నీటితో పాటు ఎక్కువకాలం ఒంట్లోకి చేరితే ముందు దెబ్బతినేది మూత్రపిండాలు. ఈ హద్దు వికిరణం కోసం పెట్టింది కాదు, రసాయన విషం కోసం పెట్టింది. అందువల్ల అరటిపండుతో పోల్చి 'ఇదేపాటిది' అని కొట్టిపారేస్తే లెక్క తప్పుతుంది. అలాగే నీళ్లలో యురేనియం ఉందనగానే 'అణుధార్మికత' అని కేకలేస్తే అసలు ప్రమాదం పక్కకు పోతుంది. రేడియం సంగతి వేరు. అక్కడ చూడాల్సింది బెకెరళ్లే. రేడియం-226కి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన లీటరుకు 1 బెకెరల్. యురేనియం హద్దులోనే ఉందని చెప్పే పరీక్ష కాగితం రేడియం గురించి ఏమీ చెప్పినట్టు కాదు.

ఇంకో చిక్కుంది. రాయలసీమ భూగర్భ జలంలో బైకార్బొనేట్ ఎక్కువ. అది యురేనియాన్ని రాతినుంచి కరిగించుకుంటుంది. మిల్లులో జరిగే రసాయన చర్యే భూమిలో మెల్లగా, ఎవరూ చేయకుండా జరుగుతుంది. గని లేని చోటా బోరులో యురేనియం కనిపించవచ్చు. మరి తేడా పట్టేదెలా? మిల్లు వ్యర్థంలో సోడియం, సల్ఫేటు బాగా ఉంటాయి. యురేనియంతో పాటు అవీ కలిసి పెరుగుతున్నాయా, చెరువుకు ఎగువ బోర్లలో ఎంత, దిగువ బోర్లలో ఎంత, 2012కి ముందు అదే బోరులో ఎంత ఉండేది అని చూడాలి. సోడియం ఎక్కువైన నీళ్లు పారితే నేల చౌడుబారుతుంది, పైరుకు నీరందదు. తోట ఎండిపోవడానికి యురేనియమే కానక్కర్లేదు. ఈ కొలతలన్నీ ఏటా, ఊరివాళ్ల ఎదుట, యురేనియం కార్పొరేషన్‌తో సంబంధం లేని ప్రయోగశాలతో తీయించి, తెలుగులో ప్రకటించాలి. అలా చేయకుండా 'భయపడొద్దు' అని చెప్పే హక్కు ఎవరికీ లేదని నా అభిప్రాయం.

ఈ ప్రశ్న వేముల మండలంతో ఆగదు. నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. 2024లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవిలో అన్వేషణ బోర్లు వేస్తారని తెలిసి చుట్టుపక్కల ఊళ్లు రోడ్డెక్కాయి. అన్వేషణ వేరు, గని వేరు, మిల్లు వేరు, టెయిలింగ్ పాండ్ వేరు. ఒక్కోదాని ప్రమాదం ఒక్కో స్థాయిలో ఉంటుంది. ఆ తేడా ఊళ్లో విడమరిచి చెప్పేవాళ్లు లేకపోతే ఆ చోటును పుకార్లు ఆక్రమిస్తాయి.

కాబట్టి ఈ పాఠం చదువుతున్న కడప, కర్నూలు, నంద్యాల పిల్లలకు ఒక మనవి. పరీక్ష అయిపోయాక మీ నోటుపుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేయకండి. మీ ఊరి బోరు నీళ్ల పరీక్ష కాగితం ఎక్కడైనా దొరికితే తెచ్చుకుని మూడు గళ్లు వెతకండి: యురేనియం ఎన్ని మైక్రోగ్రాములు, రేడియం ఎన్ని బెకెరళ్లు, సోడియం ఎంత. ఏదైనా గడి ఖాళీగా ఉంటే ఎందుకు కొలవలేదని అడగండి. ఆ కాగితం పట్టుకుని చదివిపెట్టమని మీ పెద్దవాళ్లు వస్తే, కూర్చోబెట్టి ఒక్కో అంకెకూ అర్థం చెప్పండి.